పూర్ణఘటం ఇచ్చిన చర్మకారుడు

ప్రభుత్వ ఉత్తర్వుల మీద, ధ్రువపత్రాల మీద, కార్యాలయాల గోడల మీద మనకు నిత్యం కనిపించే బొమ్మ పూర్ణఘటం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అధికార చిహ్నంలో పూర్ణకుంభం ఉండేది. 2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమరావతి శిల్పరీతి ఆధారంగా కొత్త చిహ్నాన్ని రూపొందించుకున్నప్పుడు ధర్మచక్రంతో పాటు పూర్ణఘటానికీ అందులో చోటు దక్కింది. సమృద్ధికి సంకేతమనీ, ప్రాచీన వైభవానికి గుర్తనీ దాని గురించి చెప్పుకుంటూ ఉంటాం. రాతి మీద అలాంటి ఘటాలను చెక్కించి మహాచైత్యానికి సమర్పించినవాళ్ళు ఎవరని మాత్రం అడగం. ప్రాచీనాంధ్ర చరిత్రను పదిహేనేళ్ళకు పైగా తరగతి గదిలో చెబుతున్న నేను కూడా అడగలేదు. గడచిన చలికాలంలో ఎం.ఏ. విద్యార్థులతో కలిసి అమరావతి మ్యూజియంలో గడిపిన ఒక రోజున ఆ ప్రశ్న ఎదురైంది. అడిగినవాడు నా విద్యార్థి.

గుంటూరు నుంచి తాడికొండ మీదుగా అమరావతికి సుమారు గంట ప్రయాణం. శనివారం ఉదయం ఇరవై మందికి పైగా బస్సు దిగాం. కేంద్ర పురావస్తు శాఖ నిర్వహిస్తున్న ఆ మ్యూజియం మహాచైత్యపు దిబ్బకు దగ్గరలోనే ఉంది. పల్నాటి సున్నపురాతిలో చెక్కిన తామర పతకాలు, పూర్ణఘటాలు, బోధివృక్షానికీ ధర్మచక్రానికీ చేతులు జోడించిన జనం, నిలువెత్తు బుద్ధ విగ్రహాలు, ఒకప్పుడు చైత్యం ఎలా ఉండేదో చూపే నమూనా అక్కడ ఉన్నాయి. పాఠ్యపుస్తకంలో రెండు పేరాలుగా చదివిన విషయం కళ్ళెదుట రాయిగా నిలబడితే విద్యార్థులలో కలిగే ఉత్సాహం వేరు. కొందరు ఫొటోలు తీసుకున్నారు. పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న ఇద్దరు ముగ్గురు నోట్సు రాసుకున్నారు. తొలి తెలుగు పదంగా చెప్పే ‘నాగబు’ అమరావతి శాసనంలోదే కదా అని ఒకరు గుర్తు చేశారు. ఆ ఒక్క మార్కు ప్రశ్న మన విద్యార్థులలో తెలియనివారు ఉండరు.

తరగతిలో పెద్దగా నోరు విప్పని ఒక విద్యార్థి పూర్ణఘటం చెక్కిన పలక ముందు చాలాసేపు నిలబడి ఉన్నాడు. నేను దగ్గరికి వెళితే, “దీన్ని ఎవరు చేయించారు సార్?” అని అడిగాడు. “శాతవాహనులు” అన్నాను. అలవాటుగా వచ్చిన జవాబు అది. “శాతవాహనులంటే రాజుగారా సార్?” అని మళ్ళీ అడిగాడు. అతని మాటలో ఎత్తిపొడుపు లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. జవాబు తెలియక కాదు. తెలిసిన జవాబును ఇన్నేళ్ళుగా చెప్పకుండా వదిలేశానని ఆ క్షణంలో స్ఫురించింది.

మ్యూజియం అన్నది ఎక్కడైనా వస్తువు గురించి మూడు సంగతులు చెబుతుంది. అది ఏమిటి, దేనితో చేశారు, ఏ శతాబ్దం నాటిది. వీటికి తోడు ఒక రాజవంశం పేరు ఉంటుంది. చరిత్ర బోధన కూడా ఇదే వరుసలో సాగుతుంది. శాతవాహనుల శిల్పకళ, ఇక్ష్వాకుల శిల్పకళ, కాకతీయుల శిల్పకళ అంటాం. అలా అనడంలో కాలం తెలుస్తుంది, నిజమే. కానీ వినే విద్యార్థి మనసులో మరో అర్థం స్థిరపడుతుంది. రాజు చేయించాడు, ప్రజలు చూశారు అన్న అర్థం అది. అమరావతి విషయంలో అది అబద్ధం.

అమరావతి రాళ్ళ మీద ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో ఉన్న శాసనాలలో అత్యధికం దాన శాసనాలు. పలక ఇచ్చినవారి పేరు, వారి ఊరు లేదా వృత్తి, వెంట ఉన్న బంధువులు, ఇచ్చిన వస్తువు. అంతే, చాలా చిన్నవి. వాటిలో రాజుల పేర్లు అరుదు. వాసిష్ఠీపుత్ర పులుమావి పేరు ఉన్న ప్రసిద్ధ శాసనంలో సైతం ధర్మచక్రాన్ని ఇచ్చింది రాజు కాదు, ఒక గృహపతి కుటుంబం. రాజు పేరు కాలాన్ని చెప్పడానికి వచ్చింది. మిగిలిన రాళ్ళ మీద ఉన్నది గృహపతులు, వర్తకులు, సుగంధద్రవ్యాలు అమ్మేవారు, నీటిశాల అధికారి భార్య, సేనాధికారి, భిక్షువులు, కూతుళ్ళతో కలిసి దానం చేసిన భిక్షుణులు. దమిళుడైన కణ్హుడు, అతని తోబుట్టువులు కూడా అందులో ఉన్నారు. వందలాది మంది చిన్న చిన్న చందాలతో లేచిన కట్టడం మహాచైత్యం. దానికి రాజు ఆదరణ ఉండి ఉండవచ్చు. నిలబెట్టినది మాత్రం ఊళ్ళు, కుటుంబాలు.

ఆ జాబితాలో ఒక పేరు విధికుడు. శాసనాలు చదివించాలని ముందు రోజు తీయించిన జిరాక్సు కాగితాలు నా సంచిలో ఉన్నాయి. అందరినీ ఆవరణలో చెట్టు కిందికి పిలిచి కూర్చోబెట్టి, ఆ కాగితం పూర్ణఘటం గురించి అడిగిన విద్యార్థి చేతికే ఇచ్చాను. బ్రాహ్మీ శాసనాలకు జర్మన్ పండితుడు ల్యూడర్స్ 1912లో ప్రచురించిన జాబితాలో ఆ శాసనం ఉంది. ఒక్కొక్క మాటగా చదివి అర్థం చెప్పుకున్నాం. ఇచ్చినవాడు చమ్మకారుడైన విధికుడు. చమ్మకారుడంటే చర్మకారుడే, తోలు పనివాడు. తండ్రి నాగుడు. ఆ నాగుడికి ముందున్న మాట ఉపజ్ఝాయ, అంటే ఉపాధ్యాయుడు. దానంలో విధికుడితో పాటు తల్లి ఉంది, భార్య ఉంది, అన్నదమ్ములు ఉన్నారు, కొడుకు, కూతుళ్ళు, బంధుమిత్రులు ఉన్నారు. వారంతా కలిసి ఇచ్చిన వస్తువు పుణఘటకపట, అంటే పూర్ణఘటం చెక్కిన పలక.

చెట్టు కింద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. క్రీస్తు శకపు తొలి శతాబ్దాలలో ఒక చర్మకారుడు మహాచైత్యానికి శిల్పం చెక్కిన పలక ఇచ్చాడు. అతని తండ్రి చదువు చెప్పేవాడు. అతను ఇచ్చిన పలక మీది బొమ్మ పూర్ణఘటం. ఈ మూడు సంగతులూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఆ వాక్యం అచ్చయి వందేళ్ళు దాటింది. నాగబు అన్న మాట తెలిసిన ఆ ఇరవై మందిలో ఒక్కరికీ విధికుడి పేరు తెలియదు. అది వాళ్ళ తప్పు కాదు.

శాసనంలో నన్ను ఆపిన మాట చమ్మకార. వృత్తి పేరు చెప్పమని విధికుడిని ఎవరూ నిర్బంధించి ఉండరు. అమరావతి దాతలలో వృత్తి చెప్పని వారు ఎందరో ఉన్నారు. ఫలానా ఉపాధ్యాయుడి కొడుకునని చెప్పుకుంటే గౌరవానికి లోటు లేదు. అయినా అతను తన పని పేరు చెక్కించుకున్నాడు. వర్తకుడు వర్తకుడినని చెప్పుకున్నట్టు, సేనాధికారి తన పదవి చెప్పుకున్నట్టు, అదే మూసలో, అదే లిపిలో, అదే చైత్యం మీద చర్మకారుడినని చెప్పుకున్నాడు. ప్రదక్షిణకు వచ్చే వేలాది మంది చూసే చోట ఆ మాట ఉంటుందని తెలిసే చెప్పుకున్నాడు.

దీని విలువ తెలియాలంటే ఇంచుమించు అవే శతాబ్దాలలో మరో చోట ఏమి రాశారో చూడాలి. మనుస్మృతిని క్రీ.పూ. 2వ శతాబ్దానికీ క్రీ.శ. 3వ శతాబ్దానికీ నడుమ కూర్చినదిగా ఎక్కువ మంది పండితులు భావిస్తారు. ఎవరి అన్నం తింటే ఏమి నశిస్తుందో అందులో నాలుగో అధ్యాయం వరుసగా చెబుతుంది. తోలు కోసేవాడి అన్నం తింటే కీర్తి నశిస్తుందట. పదో అధ్యాయం చర్మకారుడి పుట్టుకనే వర్ణసంకరంగా లెక్కగట్టింది. ఒక గ్రంథం చర్మకారుడి అన్నం ముట్టినవారి కీర్తి పోతుందని శాసించింది. ఒక చైత్యం చర్మకారుడి పేరును, అతని తల్లి, భార్యాబిడ్డల ప్రస్తావనను దాదాపు రెండు వేల ఏళ్ళు కాపాడింది. రెండూ మన వారసత్వమే. వాటిలో దేనిని పదే పదే చదివించాం, దేనిని పక్కన పెట్టాం అన్నదే ప్రశ్న.

ఇక్కడ ఒక విద్యార్థిని సరైన సందేహం లేవనెత్తింది. “అయితే ఆ రోజుల్లో కులం లేదని అనుకోవాలా సార్? ఒక్క శాసనం పట్టుకుని అలా చెప్పవచ్చా?” చెప్పకూడదు. నాసిక్ గుహలో గౌతమీ బలశ్రీ వేయించిన శాసనం తన కుమారుడు గౌతమీపుత్ర శాతకర్ణిని నాలుగు వర్ణాల సంకరాన్ని ఆపినవాడని పొగిడింది, సాటిలేని బ్రాహ్మణుడని కీర్తించింది. అంటే వర్ణ భావన ఉంది, దానిని కాపాడటం రాజుకు ఘనతగా చెప్పుకునే వాతావరణమూ ఉంది. అదే శాతవాహనుల ఏలుబడి చూసిన ధాన్యకటకంలో చర్మకారుడి దానాన్ని చైత్యం స్వీకరించింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. వర్ణం అప్పటికే ఒక సిద్ధాంతంగా ఉంది. కానీ తోలు పట్టిన చేతికి చైత్యం తలుపు మూయగల శక్తి దానికి ఇంకా రాలేదు. విధికుడి పలక అంతవరకు సాక్ష్యం. అంతకు మించి దానితో చెప్పించకూడదు.

విధికుడు నేటి మాదిగలకు పూర్వీకుడని చెప్పడానికీ ఆధారం లేదు. వృత్తి పేరుకూ కులం పేరుకూ నడుమ పదిహేను వందల ఏళ్ళకు పైగా దూరం ఉంది. డాక్టర్ అంబేద్కర్ 1948లో వెలువరించిన గ్రంథంలో, అంటరానితనం సుమారు క్రీ.శ. 400 ప్రాంతంలో పుట్టిందనీ, బౌద్ధాన్ని వదలని వారిని వెలివేయడంతో దానికి సంబంధం ఉందనీ ప్రతిపాదించారు. విధికుడి శాసనం ఆ కాలానికి ముందరిది. అంబేద్కర్ ప్రతిపాదనకు ఇది విరుద్ధంగా లేదు. దానికి తుది రుజువూ కాదు. ఈ జాగ్రత్త పాటించకపోతే మనం విమర్శించే పురాణ చరిత్రకూ మన చరిత్రకూ తేడా ఉండదు. అయితే జాగ్రత్త పేరుతో ఆ మాటనే మింగేయడం మరో రకం మోసం. విధికుడిని మాదిగ అనడం తొందరపాటు. అతను చర్మకారుడని చెప్పకపోవడం అన్యాయం.

మరి తోలు పనివాడికి శిల్పం చెక్కిన పలక ఇచ్చే స్తోమత ఎక్కడిది? ఈ ప్రశ్న కూడా విద్యార్థుల నుంచే వచ్చింది. అడగడంలోనే నేటి దృశ్యం ఉంది. తోలు పని అనగానే పేదరికం తప్ప మరొకటి ఊహకు రాదు. శాతవాహనుల నాటి దక్కనులో చేతివృత్తుల వారు శ్రేణులుగా సంఘటితులై ఉన్నారు. నాసిక్ శాసనాలలోనే దానికి గట్టి రుజువు ఉంది. నహపాణుడి అల్లుడు ఉషవదాతుడు భిక్షువుల అవసరాల కోసం 3,000 కార్షాపణాలను గోవర్ధనంలోని రెండు నేతగాళ్ళ శ్రేణుల దగ్గర పెట్టుబడిగా ఉంచాడు. ఒక శ్రేణి దగ్గర 2,000, నెలకు నూటికి 1 వడ్డీ. రెండో దాని దగ్గర 1,000, నెలకు నూటికి ముప్పావు వడ్డీ. రాజు అల్లుడు నేతగాళ్ళను నమ్మి డబ్బు దాచుకున్న కాలం అది. ధాన్యకటకం కృష్ణ ఒడ్డున వ్యాపారం సాగిన పట్టణం. తన సరుకును తానే ధర కట్టి అమ్ముకోగల పట్టణపు పనివాడికి చేతిలో నాణెం ఉంటుంది. నాణెం ఉన్నవాడికి పేరు ఉంటుంది.

తరువాతి శతాబ్దాల పల్లెలో ఆ పనివాడి స్థితి వేరు. రైతుకు చెప్పులు, ఎద్దులకు తోలు పట్టీలు, బావికి మోట తిత్తి, ఊరికి డప్పు, అన్నీ అతనే చేయాలి. బదులుగా కళ్ళం దగ్గర కొలిచే మేర గింజలు, వాటితో పాటు వెట్టి. సరుకుకు ధర లేదు, పనికి కూలి లేదు, చచ్చిన పశువును మోసే బాధ్యత మాత్రం వంశపారంపర్యం. తోలు లేకుండా ఒక్క ఎకరం తడవని వ్యవసాయం, ఆ తోలు పనివాడిని ఊరి బయట నిలిపింది. పచ్చి తోలును సున్నంలో నానబెట్టి వెంట్రుక ఊడదీయడం, లందలో తంగేడు చెక్క రసంతో ఊనడం, కుళ్ళిపోయే పదార్థాన్ని ఏళ్ళ తరబడి మన్నే వస్తువుగా మార్చడం రసాయన విజ్ఞానం. కంచ ఐలయ్య వంటి వారు దీనిని శాస్త్రంగా గుర్తించాలని ఎప్పటి నుంచో రాస్తున్నారు. మన మ్యూజియాలలో కత్తులకు, డాళ్ళకు ప్రత్యేకంగా గదులు కనిపిస్తాయి. ఆ డాలుకు తోలు ఊనినవాడి ఆరె, రంపె, గూటం కనిపించడం అరుదు.

అమరావతి రాళ్ళు ఇంత నిశ్శబ్దంగా ఎందుకు ఉన్నాయన్నదానికి మరో చరిత్ర ఉంది. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి అమరావతికి మకాం మార్చినప్పుడు కొత్త కట్టడాల కోసం దిబ్బను తవ్వారు. ఎన్నో పలకలు గోడలలోకి, సున్నపు బట్టీలలోకి పోయాయి. 1797లో వచ్చిన కాలిన్ మెకంజీ, సుమారు ఇరవై ఏళ్ళ తరువాత తిరిగి వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. ఆయన మద్రాసుకు చేర్చిన రాళ్ళలో చాలా భాగం 1859లో లండన్‌కు తరలిపోయింది. 1877లో రాబర్ట్ సూయెల్, 1881-82లో జేమ్స్ బర్జెస్, 20వ శతాబ్దం ఆరంభంలో అలెగ్జాండర్ రీ తవ్వకాలు సాగాయి. మహాచైత్యం నేడు లండన్, చెన్నై, అమరావతి తదితర చోట్ల ముక్కలుగా ఉంది. తవ్వించిన దొరల పేర్లు మనకు తెలుసు. తట్ట మోసిన కూలీల పేర్లు తెలియవు. విధికుడి పేరు వారి చేతుల మీదుగానే మట్టిలోంచి బయటికి వచ్చింది.

ఆ దొరలు శాసనాలను అచ్చువేశారు. వాటిలో నుంచి మనం ఏమి ఏరుకున్నామో అది మన బాధ్యత. 1910లో చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము తొలి భాగం వెలువడిన నాటికి, మనకూ ఘనమైన గతం ఉందని నిరూపించుకోవడం ఒక జాతీయ అవసరం. పరాయి పాలనలో ఉన్న జాతికి రాజుల జాబితా ధైర్యం ఇచ్చింది. ఆ అవసరాన్ని అర్థం చేసుకోగలం. ఆ అవసరం తీరి దశాబ్దాలు గడిచినా జాబితా మారలేదు. శాతవాహన రాజుల పేర్లను వరుసగా అప్పజెప్పించే ప్రశ్నపత్రాలు నేనూ తయారు చేశాను. ధాన్యకటకం దాతలలో ఐదుగురి వృత్తులు రాయమని ఒక్కసారి కూడా అడగలేదు. పాఠ్యప్రణాళిక చేసేది ప్రభుత్వమో విశ్వవిద్యాలయమో కావచ్చు. తరగతి తలుపు వేశాక లోపల ఏమి చెప్పాలన్నది చాలావరకు అధ్యాపకుడి చేతిలోనే ఉంటుంది. ఆ నేరం నాది కూడా.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కృష్ణ ఒడ్డుకు వెళ్ళాం. ఆ విద్యార్థి నా పక్కన మెట్ల మీద కూర్చున్నాడు. కాగితం ఇంకా అతని చేతిలోనే ఉంది. కాసేపటికి తానే మొదలుపెట్టాడు. “మా తాత తోలు పని చేసేవాడు సార్. ఇంటి వెనకాల లంద ఉండేది. ఆ వాసన వస్తుందని బడిలో మా నాన్నను వెనక కూర్చోబెట్టేవాళ్ళు. నాన్న పెద్దయ్యాక ఊరు వదిలి వచ్చేశాడు. మా ఇంట్లో ఆ పని మాట ఎవరూ ఎత్తరు. హాస్టల్లో మీ తాత ఏం చేసేవాడని అడిగితే వ్యవసాయం అని చెబుతాను.” నేను ఏమీ అనలేదు. అతను నీళ్ళ వైపు చూస్తూ, “విధికుడు ఎందుకు దాచుకోలేదు సార్?” అని అడిగాడు.

పొద్దున అడిగిన ప్రశ్నకు పుస్తకంలో జవాబు ఉంది. దీనికి లేదు. దాచుకోవలసిన అవసరం అతనికి రాలేదని మాత్రం చెప్పగలిగాను. దాచుకునే అవసరాన్ని సృష్టించినది పని కాదు, ఆ పనికి నీచత్వం అంటగట్టిన వ్యవస్థ అని వివరించబోయాను. అతనికి నా వివరణ అవసరం లేదు. “నా క్యాస్ట్ సర్టిఫికెట్ మీద ఉన్నది ఈ కుండే కదా సార్” అన్నాడు. పైన ప్రభుత్వ చిహ్నంలో పూర్ణఘటం, కింద అతని కులం పేరు. స్కాలర్‌షిప్పు కోసం, సీటు కోసం ఎన్నిసార్లు జిరాక్సు తీయించుకున్నా ఆ రెంటికీ సంబంధం ఉండవచ్చని అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ కాగితాన్ని ఇతరులకు కనపడకుండా మడిచి పెట్టుకోవడమే అతను నేర్చుకున్నాడు.

కులం గురించిన చర్చ మన విశ్వవిద్యాలయాలలో ఎక్కువగా రిజర్వేషన్లు, వర్గీకరణ, దాడుల చుట్టూ తిరుగుతుంది. అది సహజం, అవసరం కూడా. మాదిగ దండోరా 1994లో మొదలుపెట్టిన వర్గీకరణ పోరాటం 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు దాకా మూడు దశాబ్దాలు నడిచింది. ఆ ఉద్యమం సాధించిన వాటిలో లెక్కలకు అందనిది ఒకటి ఉంది. దాచుకునే కులం పేరును ఇంటిపేరులా బహిరంగంగా పేరు చివర పెట్టుకోవడం అది నేర్పింది. అదే పనిని చరిత్ర బోధన కూడా చేయగలదు, తన పద్ధతిలో, తన సాక్ష్యాలతో. వాటా అడిగేవాడిని దయ కోరేవాడిగా చూసే సమాజానికి, ఈ నేల మీద తొలి చందాదారులలో అతని వృత్తివాడు ఉన్నాడని ఆధారంతో సహా చూపగలదు.

విధికుడికి విగ్రహం పెట్టమని నేను అడగడం లేదు. విగ్రహాలు పెట్టి మరిచిపోవడం మనకు బాగా అలవాటు. అడుగుతున్నవి చిన్న పనులు. దాత పేరు తెలిసిన ప్రతి పలకకూ, అది ఏ మ్యూజియంలో ఉన్నా, పక్కన తెలుగులో ఆ పేరు, ఆ వృత్తి, వెంట ఉన్న కుటుంబం రాయాలి. అసలు పలక వేరే చోట ఉంటే దాని ఫొటో, పాఠం పెట్టాలి. పాఠశాల పుస్తకంలో అధికార చిహ్నం గురించి చెప్పే చోట, పూర్ణఘటం పలకను మహాచైత్యానికి ఇచ్చిన చర్మకారుడి గురించి ఒక్క వాక్యం చేర్చాలి. అమరావతి దాన శాసనాలన్నీ విద్యార్థికి అందే ధరలో, చదవగలిగే తెలుగులో రావాలి. ప్రాంతీయ మ్యూజియాలలో ఆయుధాల గది పక్కన పనిముట్ల గది ఉండాలి. వీటికి పెద్ద బడ్జెట్లు అక్కరలేదు.

నా వంతుగా నేను చేయగలిగింది చేశాను. ఈ సెమిస్టరు శాతవాహనుల పాఠాన్ని రాజుల పట్టికతో కాక దాతల పట్టికతో మొదలుపెట్టాను. పాఠం ముగిశాక ప్రతి విద్యార్థీ తన ఇంట్లో తాతల నాటి పని గురించి, అందులో వాడిన పనిముట్ల గురించి, వాటి పేర్ల గురించి రాసుకురావాలని చెప్పాను. చదివి వినిపించడం ఎవరికీ తప్పనిసరి కాదని కూడా చెప్పాను. చేపల వల గురించి, సారె గురించి, మగ్గం గురించి, నాగలి గురించి కాగితాలు వచ్చాయి. తాత పౌరోహిత్యం గురించి ఒకరు, కరణీకం గురించి ఒకరు రాశారు. ఆ విద్యార్థి నాలుగు పేజీలు రాశాడు. తోలు ఎన్నాళ్ళు నానాలి, తంగేడు చెక్క ఎప్పుడు కొట్టాలి, ఆరెకు పిడి ఏ కర్రతో చేస్తారు అన్నీ తండ్రిని అడిగి తెలుసుకున్నానని చెప్పాడు. ఇంట్లో ఆ మాట ఎత్తడం అదే మొదటిసారి అట. తన వంతు వచ్చినప్పుడు అతను లేచి నిలబడి, మొదటి వాక్యంగా తాత పేరు, దాని ముందు తాత చేసిన పని పేరు చదివాడు.